మక్కల కాంటా మీద మా కార్నర్ పిల్ల

ఎల్లారెడ్డిలో పీఈటీగా పనిచేసిన రోజుల్లో నా నోరు మంచిది కాదు. ఇప్పుడూ గొప్పగా ఏమీ లేదనుకోండి. గ్రౌండులో విజిల్ కంటే నా తిట్లే ముందు వినిపించేవి. ఆ మాట గర్వంగా చెప్పుకున్న కాలం కూడా ఉంది, సిగ్గులేక.

2012లో మా ఆడపిల్లల కబడ్డీ టీములో ఎనిమిదో తరగతి పిల్ల ఉండేది. బాగా లావు. వాళ్ళమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. అంతకుముందు ఆటల పీరియడు వస్తే ఆ పిల్ల అందరి చెప్పుల దగ్గర కాపలా కూర్చునేది. ఏ జట్టూ పిలిచేది కాదు. ఒకరోజు మనిషి తక్కువైతే నేనే కార్నర్‌లో నిలబెట్టాను. కూతకు వచ్చిన అవతలి జట్టు పిల్ల చీలమండను ఒడిసి పట్టుకుంది, ఇక వదిలితే ఒట్టు. ఆ రోజు నుంచి జట్లు పంచుకునేటప్పుడు అందరూ మొదట ఆమె పేరే పిలిచేవారు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి సున్నంతో గీతలు గీసేది. ఆ పిల్ల నవ్వడం నేను అప్పుడే చూశాను.

కామారెడ్డి పోటీలకు పది రోజులుందనగా బరువు సంగతి వచ్చింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బరువుకో హద్దు ఉంటుంది, దాటితే ఆడనివ్వరు. మా బళ్ళో బరువు చూసే మిషన్ లేదు. దవాఖానాకు తీసుకుపోవచ్చు, కానీ అక్కడ ఎవరు కూర్చుంటారని, తగుదునమ్మా అంటూ టీమునంతా మక్కలు, అంటే మొక్కజొన్నలు కొనే సేటు దుకాణానికి నడిపించాను. సీజను కదా, నిండా రైతులు, హమాలీలు. పిల్లలు ఒక్కొక్కరే కాంటా ఎక్కారు. ఆమె ఎక్కగానే ఒక హమాలీ, "సారూ, బస్తా మంచిగ నింపిండ్రు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకూడని మనిషిని అక్కడ నేనొక్కణ్ణే.

హద్దుకు మూడు కిలోలు ఎక్కువ ఉంది. "పది రోజులల్ల దించాలె. లేకుంటె టీంల లేవు" అన్నాను. ఎలా దించాలో చెప్పలేదు, నాకు తెలిస్తే కదా. మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే ఆ పిల్ల స్వెట్టర్ వేసుకుని ఎండలో గ్రౌండు చుట్టూ పరిగెత్తేది. చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడమేమిటి, "ఏయ్ బస్తా, ఇంకో రౌండు" అని అదిలించాను. పిల్లలూ ఆ పేరే పట్టుకున్నారు. ఒకసారి నల్లా దగ్గర కూలబడింది. నేను వెళ్ళేసరికి లేచి నిలబడి, "ఏం కాలే సార్, మంచిగనే ఉన్న" అంది. నమ్మడం నాకు అనుకూలం కాబట్టి నమ్మాను.

బయల్దేరే ముందురోజు మళ్ళీ అదే కాంటా. ముల్లు సరిగ్గా హద్దు దగ్గర నిలిచింది. ఆ పిల్ల కిందికి దిగి, "ఇగ ఆడొచ్చు గద సార్" అంది.

కామారెడ్డిలో మిషన్ రెండు కిలోలు ఎక్కువ చూపించింది. చెప్పులు విప్పించి మళ్ళీ ఎక్కించాను. అంతే చూపించింది. మీ మిషనే తప్పని అక్కడి సారు మీద అరిచాను. అరుస్తుండగానే నాకు తట్టింది. నేను లింగంపేట రైతు కొడుకును. కొనే సేటు కాంటా బస్తాకు రెండు కిలోలు మింగుతుందని మా బాపు ప్రతి పంటకూ తిట్టుకునేవాడు. ఆ కాంటా తక్కువ చూపిస్తుందని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. మక్కలైతే నేనూ అనుమానించేవాణ్ణి. పిల్లను ఎక్కించేటప్పుడు నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆ సంగతి ఆమెకు చెప్పానా అంటే, లేదు. "నువ్వు ఇంకింత తగ్గాల్సుండె" అన్నాను. తప్పు తీసి ఆ పిల్ల నెత్తినే పెట్టాను. ఆమె తల ఊపి, తోటి పిల్లల సంచులు పక్కన పెట్టుకుని ఆటలన్నీ కూర్చుని చూసింది. మేం గెలిచాం. నిజామాబాద్ పోటీలకు ఎంపికయ్యాం. బస్టాండు హోటల్లో అందరూ పూరీలు తిన్నారు. ఆమె మంచినీళ్ళు తాగింది.

వారం తర్వాత వాళ్ళమ్మ బడికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సారూ, పిల్ల బువ్వ ముడ్తలేదు. కండ్లు తిరిగి పడుతున్నది. నేను చెప్తె ఇంటలేదు, మీరు చెప్తె ఇంటది. తినుమని ఒక్క మాట చెప్పుండ్రి" అని దండం పెట్టింది.

పిల్లను పిలిచాను. మొహం పీక్కుపోయి ఉంది. కాంటా సంగతి చెప్పేద్దామనే పిలిచాను, నిజంగా. ఊరందరినీ తిట్టిపోసే నోరు, తన తప్పు చెప్పుకోవాల్సి వచ్చేసరికి పెగల్లేదు.

"తినాలె బిడ్డా. తింటెనే బలం" అన్నాను.

"తింటె టీంల ఉంచుకుంటరా సార్?"

నిజామాబాద్ పోయే పన్నెండు పేర్లు ముందురోజే రాసి పంపేశాను. అందులో ఆమె పేరు లేదు. కార్నర్‌కు వేరే పిల్లను పెట్టుకున్నాను.

"ఉంచుకుంట" అన్నాను.

వెంటనే వెళ్ళి పళ్ళెం తెచ్చుకుంది. అన్నం పెట్టించుకుని, నాకు ఎదురుగా వరండాలో కూర్చుని మొత్తం తింది. తింటూ తింటూ రెండుసార్లు తలెత్తి, నేను చూస్తున్నానా లేదా అని చూసింది.