గుర్తు తెలియని వాహనం నాదే

నాలో ఏదో తేడా ఉందని మొదట గమనించింది నేను కాదు, క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చున్న కోటేశ్. జనవరి నెల, ఉదయం షిఫ్టు. పాల్వంచ థర్మల్ ప్లాంటులో బాయిలర్ దగ్గర ఆపరేటర్‌ని నేను. టీ గ్లాసు నోటిదాకా తెచ్చి అలాగే ఆగిపోయానట.

"ఏందన్నా, టీల ఈగ పడ్డదా? ఎప్పటిసంది పిలుస్తున్న, పలుకుతలేవ్," అన్నాడు.

నాకు తెలిసిందల్లా ఒక వాసన. ఎక్కడో ఇప్పపువ్వు కుప్పపోసి పులియబెట్టినట్టు, కడుపులోంచి పైకి తన్నుకొచ్చే తియ్యటి కుళ్ళు వాసన. తర్వాత చూస్తే టీ చల్లారిపోయి ఉంది. ఇప్పచెట్లు పూతకు రావడానికి ఇంకా రెండు నెలలుంది. ప్రార్థనలో నాకు ధ్యానం కుదరదని మా ఆవిడ రూతమ్మ ఎప్పుడూ అంటుంది. పరధ్యానమైతే చక్కగా కుదురుతోందని నవ్వుకున్నాను. ఒక క్లినిక్‌లో చూపించుకుంటే గ్యాస్ అన్నారు. తప్పు ఆ డాక్టరుది కాదు. కడుపులో మంట అని చెప్పాను తప్ప, వాసన సంగతి సిగ్గేసి చెప్పలేదు.

ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు, శనివారం. రాత్రి షిఫ్టు దిగి, కునుకు తీయకుండా, చర్చికి ఈత మట్టలు తేవడానికి కారు తీశాను. భద్రాచలం వైపు అడవి రోడ్డు. తెల్లవారి గంటయింది. ఆ వాసన వచ్చింది. ఇప్పుడు నిజంగానే ఇప్పపువ్వు కాలం కదా అని కిటికీ దించాను. అంతవరకే గుర్తుంది.

తెలివి వచ్చేసరికి కారు రోడ్డు దిగి మట్టిలో ఒరిగి ఉంది. ముందు అద్దం నిండా లేత పసుపు పూలు అతుక్కుని ఉన్నాయి. బానెట్ మీద ఒక వెదురు బుట్ట బోర్లా పడి ఉంది.

బుట్ట ఉందంటే మనిషి ఉన్నట్టే. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు క్షణం పట్టింది. ఆ రోజు నా బుర్రకు అది పట్టలేదు. నేనే పట్టనివ్వలేదు. ఎవరో చెట్టుకు బుట్ట తగిలించి పోయుంటారనుకున్నాను. కిందటేడు మా వాళ్ళొకరు మేకను గుద్దితే ఊరంతా చుట్టుముట్టి సాయంత్రందాకా కదలనివ్వలేదన్న సంగతి మాత్రం స్పష్టంగా గుర్తొచ్చింది. వైపర్ వేశాను. రివర్స్ గేరు వేస్తే బుట్ట జారి పడిపోయింది. దిగలేదు. మట్టలు కూడా తేలేదు.

ఇంట్లో "చెట్టుకు తగిలింది" అన్నాను.

మా చర్చిలో ప్రసంగానికి ముందు, మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆదివారం రూతమ్మ మోచేత్తో పొడిచింది. "లేచి చెప్పయ్యా, గంత పెద్ద గండం తప్పింది." లేచాను. నిన్న నా కారు చెట్టుకు గుద్దుకుందనీ, దేవుడు నన్ను గీత కూడా పడకుండా కాపాడాడనీ చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆరాధన మొత్తం ఎప్పటిలాగే ఫోనులో వీడియో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నా పేరు సత్యానందం. ఆ రోజుతో అందులోని సత్యం పోయింది. ఆనందం కూడా దాని వెంటే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. రూతమ్మ చేటలో బియ్యం చెరిగితే నాకు వైపర్ తిరిగినట్టు వినబడేది. రోజుకు రెండు మూడుసార్లు ఆ వాసన. దాని వెనకే కాసేపు ఏమీ ఉండదు, ఖాళీ. వాసన ముందు వచ్చి నేను భయపడుతున్నానో, నేను భయపడితేనే వాసన వస్తోందో తెలిసేది కాదు. కారుకు పట్టా కప్పేసి బస్సులో డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. పెనుబల్లి నుంచి వచ్చిన మా అత్తగారు నన్ను రెండు రోజులు చూసి తేల్చేశారు.

"మనం ప్రార్థన చేసేటోళ్ళం, గట్ల అనొద్దు గానీ, అల్లుడికి అడవిల గాలి తగిలింది బిడ్డా."

చెట్టుకు తగిలింది, గాలి తగిలింది. మా ఇంట్లో అన్నీ తగులుతూనే ఉన్నాయి. నేను ఎవరికి తగిలానో మాత్రం ఎవరూ అడగలేదు.

ఏడో వారంలో ఇడ్లీ తింటూ కింద పడిపోయాను. చేతులూ కాళ్ళూ కొట్టుకుని నాలుక కరుచుకున్నానట. ఖమ్మం పెద్దాసుపత్రిలో న్యూరాలజీకి తీసుకెళ్ళారు. తలనిండా వైర్లు అంటించి ఈఈజీ తీశారు. ఎమ్మారై తీశారు. రిపోర్టులు చూశాక డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఇది వచ్చే ముందు ఏదైనా వాసన వస్తుందా మీకు?"

అన్ని నెలల్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నాకు ఏడుపొచ్చింది.

"దాన్ని ఆరా అంటాం. మెదడులో టెంపొరల్ లోబ్ అనే చోట చిన్న మచ్చ ఉంది. సీజర్, అంటే మూర్ఛ, అక్కడ మొదలవుతోంది. నిద్ర లేకపోతే ఎక్కువవుతుంది. బండి నడుపుతారా?"

"మట్టల ఆదివారం ముందట కారు చెట్టుకు తగిలింది డాక్టరమ్మా," అంది రూతమ్మ.

"చెట్టు కాదు," అన్నాను. బుట్ట సంగతి చెప్పాను.

రూతమ్మ నా వైపు చూడలేదు. "చర్చిల నన్ను పక్కకు కూసోబెట్టుకొని చెప్పినవ్ గదయ్యా చెట్టని," అంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "గుద్దినప్పుడు మీకు తెలివి లేకపోయి ఉండొచ్చు. అది నేను రాసిస్తాను. వెళ్ళిపోయేటప్పటికి ఎంతో కొంత తెలివి ఉంది. అది మీరే వెళ్ళి చెప్పుకోవాలి."

ఆసుపత్రిలో నేనొక కేసు. నా కేసు హిస్టరీలో సగం ఆవిడ రాసింది. మిగతా సగం కోసం డిశ్చార్జి అయిన మర్నాడే రూతమ్మతో కలిసి, ఆ రోడ్డు ఏ పోలీసు ఠాణా కిందికి వస్తుందో అక్కడికి బస్సెక్కాను. తారీఖు, చోటు చెప్పగానే ఎస్సై ఒక ఫైలు తీయించాడు. ఇప్పపువ్వు ఏరుకునే జోగమ్మ, నలభై ఏళ్ళు, గుర్తు తెలియని వాహనం.

"ఆమె బతికుందా సార్?"

"బతికింది. తొడ ఎముక ఇరిగింది. ఎండెక్కేదాంక ఎవ్వరు సూడలే. దవాఖానకు ఆలస్యంగ పోయింది, పుండు చీము పట్టింది. రెండుసార్లు ఆపరేషన్ చేసిన్రు."

"ఆ వాహనం నాదే సార్."

ఆయన ఫైల్లో తారీఖు మీద వేలు పెట్టాడు. తర్వాత అన్నాడు. "దెబ్బ తగిలినోళ్ళను దవాఖానకు తోల్కపోవాలె. జల్దీ ఠాణల చెప్పాలె, ఎంత లేదన్నా ఇరవై నాలుగు గంటలల్ల. ఏడు వారాలు ఎవ్వరికి చెప్పలేదా?"

"చర్చిలో చెప్పాను సార్. చెట్టని."

"దేవునికి చెట్టని చెప్పినవ్. మాకు అది గూడ చెప్పకపోతివి."

ఆ వీడియో తెప్పించుకున్నాడు. నా సాక్ష్యం ఇప్పుడు నా మీదే సాక్ష్యం, ఛార్జిషీటుతో పాటు కోర్టులో ఉంది. మా వకీలు అది చూసి తల పట్టుకున్నాడు. "యాక్సిడెంటే తెల్వదని అనేటందుకు లేకుండ జేస్కున్నవ్. గుద్దినదానికి నీ జబ్బు జవాబు చెప్తది. ఆగకపోయినదానికి నువ్వే చెప్పాలె." నిర్లక్ష్యంగా నడిపి గాయపరిచినందుకు ఒక సెక్షను, సాయం చేయకుండా, కబురు చేయకుండా పోయినందుకు మరొకటి. జైలో, జరిమానానో కోర్టు తేల్చాలి. జోగమ్మ నష్టపరిహారం కేసు వేరే ఉంది. ఇన్సూరెన్సువాళ్ళకూ అప్పుడే చెప్పి ఉండాల్సిందట. ఆ ఆలస్యం మీద వాళ్ళు వేసే పేచీ వల్ల ఆమెకు అందాల్సింది ఇంకా అందలేదు. నా మౌనం ఆ రోజు రోడ్డు మీదే ఆగిపోలేదు. ఇప్పటికీ ఆమె వెంటపడుతోంది.

మందులు కూడా ఒక పట్టాన కుదరలేదు. మొదటి మాత్రకు ఒళ్ళంతా దద్దుర్లు. రెండోదానికి ఊరికే కోపం. రూతమ్మ మీద అరిచి, మళ్ళీ మాత్ర మీదికి తోసేసేవాణ్ణి. ఒక వాయిదా రోజు కంగారులో మాత్ర మరిచిపోయి బస్టాండులో పడిపోయాను. మూడో మందు నిలబడింది. ఐదు నెలలుగా సీజర్ లేదు. బాయిలర్ దగ్గర్నుంచి స్టోర్సుకు మార్చారు. లైసెన్సు ఇచ్చేశాను. కేసు నడుస్తోంది, నేనూ నడుస్తున్నాను, నడపడం మాత్రం లేదు.

పోయిన నెల కోర్టు వరండాలో జోగమ్మను మొదటిసారి దగ్గరగా చూశాను. ఒక కాలు పొట్టిదైంది, కర్రతో నడుస్తోంది. క్షమాపణ ఇంటి దగ్గరే బట్టీపట్టి వెళ్ళాను. అది మొదలుపెట్టేలోపే ఆమె అడిగింది.

"బండి ఎనుకకు తీస్తున్నప్పుడు నేను పిలిచిన. అయ్యా, అయ్యా అని రెండుసార్లు. నీకు ఇనబడ్డదా?"

వకీలు నా చొక్కా లాగాడు, మాట్లాడొద్దని. ఆమే మళ్ళీ అంది.

"ఇనబడలేదని చెప్పు. ఇనబడ్డా పోయినవంటే, అది మోయ నాతోని కాదు."

డాక్టరమ్మను అడిగాను. సీజర్ అయిన వెంటనే విన్నది మెదడులో నిలవకపోవచ్చంది. అంటే వినబడలేదనడానికి నా దగ్గర కాగితం ఉంది. కానీ వైపర్ వేసింది గుర్తుంది, రివర్స్ గేరు గుర్తుంది, మేక గుర్తుంది. "తెల్వదమ్మా," అన్నాను. ఆమె కర్ర సర్దుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. నేను చెప్పగలిగిన నిజం అంతే. అది ఆమెకు దేనికీ పనికిరాలేదు.

ఇప్పుడు ఆ వాసన రావడం లేదు. ఆ పిలుపు వస్తోంది. అది జ్ఞాపకమో, ఆమె చెప్పాక నేను అల్లుకున్నదో తేల్చే పరీక్ష లేదని డాక్టరమ్మ చెప్పింది.

చదువుతున్న మీకు నేను చెప్పగలిగేది ఒకటే. మీ బండికి ఏదైనా తగిలితే, అది చెట్టే అనిపించినా సరే, ముందు ఇంజను ఆపి దిగండి. దిగి, చుట్టూ చూసి, కాసేపు వినండి. మనిషి ఉంటే 108కి, ఆ వెంటనే పోలీసులకు ఫోను చేయండి. భయపడుతూనే చేయండి. ఇంజను ఆగితే గానీ కింద పడ్డ మనిషి గొంతు వినబడదు.