సుందరరాజు తిప్పిన ఆకు

గిద్దలూరు తాలూకా కర్నూలు జిల్లాను వదిలి ప్రకాశంలో చేరిన సంగతికి గెజిట్ ఉంది. సుందరరాజు తన జీవితంలో మొదటి ఆకును తిప్పి చూసిన సంగతికి అలాంటి ఆధారమేదీ లేదు. అది మన రికార్డుల లోపమే గాని ఆ ఘట్టం లోపం కాదు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేరిన రెండో వారంలో, హాస్టల్ వెనుక బెండ మొక్క దగ్గర, ఉదయం పళ్లు తోముకుంటుండగా జరిగి ఉంటుందని ఒక అంచనా. అంతకుముందు అతను కూడా ఊళ్లో అందరిలాగే ఆకును పైనుంచి చూసేవాడు. ఆ తర్వాత ఏ ఆకునూ పైనుంచి చూసి ఎరగడు.

చూడటానికి ఒక పద్ధతి ఉంది. ముందు మొక్కకు రెండడుగుల దూరంలో ఆగాలి. ఎడమ చేయి నడుము వెనక్కి పోవాలి. కుడి చేతి రెండు వేళ్లతో కాడ పట్టుకుని, ఆకును బోర్లించి, వెలుతురుకు ఎత్తి, కళ్లు చికిలించాలి. ఆఖరున "ఊఁ" అనాలి. ఆ ఊఁ నిజానికి ప్రభాకరరావు సార్ సొత్తు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఆయన ముప్పై ఏళ్లు ఆకులు చూసిన తర్వాత గాని దాన్ని సంపాదించుకోలేదు. సుందరరాజుకు మూడు నెలలు పట్టింది.

పదో తరగతి పాసై, ఈ రెండేళ్ల డిప్లొమాలో సీటు తెచ్చుకున్న మొదటివాడు వాళ్ల పేటలో అతనే. తల్లి ఎలీషబా కూలికి పోతుంది. ఇరవై ఏళ్లుగా పరుల చేలల్లో వంగి కలుపు తీస్తున్న ఆ మనిషికి కొడుకు చదువులో నచ్చింది ఒక్కటే.

"మా వోడు వొంగే పని గాదు వదినా. నిలబడి, చూసి, చెప్పేదే," అనేది ఇందిరమ్మతో.

ఇందిరమ్మ పేటలో సగం మందికి అత్త, మిగతా సగానికి అక్క. భర్త పోయాక అరెకరం కంది తానే చేసుకుంటోంది. విత్తనం ఆమె తల్లి నాటిది. ఏటా కొంత తీసి, బూడిదలో కలిపి, కుండలో దాచుకునేది. ఆ ఏడు మొదట చల్లిన గింజలు వాన లేక మాడిపోయాయి. ఆగస్టు మొదట్లో వాన పడితే కుండలోని గింజలన్నీ తీసి మళ్లీ విత్తింది. కుండలో బూడిదే మిగిలింది.

నవంబరులో నాలుగు రోజులు సెలవులొచ్చి సుందరరాజు ఊరికి వచ్చాడు. వచ్చింది మొదలు పేట చుట్టూ ఉన్న మొక్కలన్నీ పరీక్షకు గురయ్యాయి. చర్చి ముందు మందారం, బోరు దగ్గర బొప్పాయి, ఎవరిదో కుండీలో తులసి, ఏదీ మినహాయింపు పొందలేదు. ఇరవై ఒకటో తారీఖు ఉదయం, తల్లితో కలిసి నడుస్తూ ఇందిరమ్మ చేను గట్టు మీద ఆగాడు. కంది మనిషెత్తు దాటి, ముదురు పచ్చగా, గుబురుగా ఉంది. అతను ఒక ఆకు తిప్పాడు.

"ఊఁ."

"ఏంది నాయనా, ఊఁ అంటివి?" చేలోంచి వచ్చి అడిగింది ఇందిరమ్మ.

"ఏం లేదత్తా."

"ఏం లేకుంటే ఊఁ ఎందుకంటివి?"

ఇక్కడ చరిత్ర మరో దారి పట్టే అవకాశం ఉండింది. గొంతులో గరగరగా ఉందని చెప్పి ఉంటే సరిపోయేది. కాని తల్లి పక్కనే నిలబడి, చదువు బయటికి రావడం కోసం ఎదురుచూస్తోంది.

"పూత రాలేదు గదా, అందుకని," అన్నాడు.

"దీనికి అప్పుడే యాడొస్తది? ఇది నిదానం నాయనా. మా యమ్మ కాలం నుంచీ అంతే. కిస్మస్‌కు ముందర పూస్తది."

"అది పాత లెక్క అత్తా. పక్క చేను చూడు, ఎట్ల పూసిందో. నీది చెట్టు ఎదుగుతా ఉంది గానీ పూయడం లేదు. దీన్ని వెర్రి తెగులంటారు."

తెగుళ్ల పాఠం అతనికి రెండో ఏడు గాని లేదు. ఒక సీనియర్ మంచం మీద పడి ఉన్న పుస్తకంలో కంది గురించి ఒక పేజీ చదివాడు. ఏ రకం ఎన్ని రోజులకు పూస్తుందో చెప్పే పట్టిక ఆ కాగితానికే రెండో వైపు ఉంది. సృష్టిలోని ఆకులన్నిటినీ తిప్పి చూసినవాడు ఆ ఒక్క ఆకునూ తిప్పలేదు.

"తెగులంటే పురుగా?" అంది ఇందిరమ్మ.

"నల్లి మోసుకొస్తది. కంటికి కనపడదు."

"మరి నీకు కనపడిందా?"

"కనపడలేదు. అదే గుర్తు."

ఇంత పకడ్బందీ తర్కానికి ఎదురు చెప్పడం ఇందిరమ్మ వల్ల కాలేదు. అయినా అంతమాత్రానికి ఆమె చేను వదులుకునేది కాదు. పక్క చేలో మందు కొడుతున్న శివకృష్ణ ఆ మాట విని గట్టు దగ్గరికి వచ్చాడు. అతనిది మార్కాపురంలో కొన్న విత్తనం, నిండా పూత మీద ఉంది.

"గాలికి పాకుతదా తమ్ముడూ అది?"

"పాకుతదన్నా."

"ఇంకేం, నా చేనూ పాయె! పీకెయ్ ఇందిరమ్మక్కా. నాది పూత మీదుండాది, నీకు పున్నెముంటది."

ఇందిరమ్మ ఎలీషబా వైపు చూసింది. ఎలీషబాకు ఆ చూపు అర్థం కాలేదు, అర్థమైనా ఏమీ చేసేది కాదు.

"వాడు సదివిందే గదా వదినా చెప్తా ఉండేది," అంది.

"సరేలే. నా వల్ల ఇంకొకరి చేను చెడిపోతే ఎట్ల," అంది ఇందిరమ్మ.

ఆమె ఒక కొస నుంచి, ఎలీషబా ఇంకో కొస నుంచి పీకుతూ వచ్చారు. కంది వేరు లోతుకు పోతుంది, రెండు చేతులూ వేసి లాగితే గాని రాదు. పీకిన ప్రతి మొక్కనూ ఇందిరమ్మ అలవాటుగా వేరు మట్టి దులిపి మరీ కుప్పలో వేసింది. సాయంత్రానికి కుప్ప మీద ఎండు కంప వేసి తగలబెట్టారు. సుందరరాజు ఎడమ చేయి వెనక పెట్టుకుని గట్టు మీద నిలబడి అంతా సక్రమంగా జరిగేలా చూశాడు.

కాలేజీకి వెళ్లగానే ఈ విజయాన్ని ప్రభాకరరావు సార్‌కు నివేదించాడు. ఆయన చివరిదాకా విన్నారు.

"ఆకుల మీద లేత పసుపు మచ్చలున్నాయా?"

"లేవు సార్. మంచి పచ్చగా ఉన్నాయి."

"ఆకులు చిన్నవయ్యాయా?"

"లేదు సార్, పెద్దవే."

"మరి తెగులెక్కడుందిరా?"

"పూత రాలేదు సార్."

సార్ అతని మొహంలోకి పరీక్షగా చూశారు.

"నీకు మీసం వచ్చిందా?"

"ఇంకా రాలేదు సార్."

"పీకేద్దామా నిన్ను?"

క్లాసు నవ్వింది. సుందరరాజు కూడా అలవాటు కొద్దీ కాస్త నవ్వి, మధ్యలో ఆగిపోయాడు. మధ్యాహ్నం లైబ్రరీకి పోయి ఆ పేజీ తిప్పాడు. పట్టిక ఉంది. తర్వాత కొన్నాళ్లు మొక్క కనిపిస్తే చేయి సగం దాకా వెళ్లి జేబులోకి మళ్లేది. అన్నం ముద్ద కలుపుతుంటే, వేరు మట్టి దులుపుతున్న చేతులు గుర్తొచ్చేవి. పప్పు రోజుల్లో మరీ కష్టంగా ఉండేది. హాస్టల్లో రోజూ పప్పే.

డిసెంబరులో తల్లి ఫోన్ చేసింది. గొర్రెలు మేపుకునే లక్ష్మీనరసయ్య భార్య పోలమ్మకు ఇందిరమ్మ ఏనాడో పిడికెడు గింజలిచ్చిందట. ఆమె దొడ్డి కంచె పక్కన ఐదు చెట్లున్నాయి.

"అవి పూసినాయి నాయనా," అంది ఎలీషబా. వెంటనే, "కిస్మస్‌కు ఎప్పుడొస్తా ఉండావు?" అంది.

"ప్రాక్టికల్స్ ఉండాయమ్మా. రాలేను."

ప్రాక్టికల్స్ లేవు. హాస్టల్లో అతనూ, వాచ్‌మనూ, ఒక కుక్కా క్రిస్మస్ చేసుకున్నారు.

ఫిబ్రవరిలో పేట చర్చిలో కోత పండుగ. పండినదాంట్లో మొదటి పాలు ప్రతి ఇల్లూ తెచ్చి బల్ల ముందు పెడుతుంది. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. దీనికి కూడా రాకపోతే తల్లి పేటలో తలెత్తుకోలేదు. సుందరరాజు ముందురోజే వచ్చి, పెద్దదారిన పోకుండా కంపల వెంట చుట్టు తిరిగి, పోలమ్మ గొర్రెల దొడ్డి చేరాడు. ఆమె పెంట ఎత్తుతోంది.

"వచ్చినావా డాక్టరా! ఇంకా రాలేదే అనుకుంటా ఉండా. నా చెట్లకు తెగులొచ్చి గింజలు రాల్తా ఉండాయి, వచ్చి చూడు."

"పిన్నీ, ఆ గింజలు నాకు కావాల. అన్నీ."

"ఎందుకు? కళ్లద్దాలు పెట్టి సూడనీకా?"

"ఇందిరమ్మత్తకు ఇయ్యాల. ఇత్తనం పోగొట్టింది నేనే."

పోలమ్మ గంప దించింది.

"ఆ సంగతి ఆమెకు చెప్పినావా?"

"లేదు."

"నాతో చెప్తే నాకేం లాభం, నా గొర్రెలకేం లాభం? ఆయమ్మ అందరి ముందర తెగులొచ్చింది తెగులొచ్చింది అని చెప్పుకుంటా ఉండాది. నా చెట్లు పూసినాక గూడా అదే మాట. ఎవురి కోసమనుకున్నావు?" లోపలికి పోయి సోలెడు కందులు మూటకట్టి తెచ్చింది. "తీస్కపో. నువ్వు గూడా అందరి ముందర చెప్పు. చెప్పలేదని తెలిసిందో, నేనే వచ్చి మీ చర్చిలో చెప్తా."

మర్నాడు బల్ల ముందు గుమ్మడికాయలు, రెండు కోళ్లు, శనగ కట్టలు, ఒక మేకపిల్ల చేరాయి. ఇందిరమ్మ ఏటా చేటెడు కందులు తెచ్చేది. ఈసారి ఒక సొరకాయ పెట్టింది.

"కందులు ఏవీ ఇందిరమ్మా?" అన్నాడు పాస్టరు.

"తెగులొచ్చింది అయ్యగారూ. మా సుందరరాజు చూసి చెప్పబట్టి ఊరి చేలన్నీ బతికిపోయినాయి."

చుట్టూ తలలన్నీ అతని వైపు మెచ్చుకోలుగా తిరిగాయి. ఎలీషబా తల మాత్రం వంగి ఉంది. సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెబుతారు, ప్రతి వాక్యానికీ సంఘమంతా స్తోత్రం పలుకుతుంది. సుందరరాజు లేచాడు.

"ఇందిరమ్మత్త చేనుకు తెగులు రాలేదు."

"స్తోత్రం!" అంది సంఘం.

"నాకు తెలీక, తెలిసినట్టు చెప్పినాను."

"స్తోత్రం!"

"బంగారట్లాంటి చేను నేనే పీకిచ్చినాను."

"దేవునికి స్తో..." అని వెనక వరుసలో రెండు గొంతులు మాత్రం వచ్చి, తప్పు తెలిసి నీరసించాయి. మేకపిల్ల అరిచింది. సుందరరాజు చెప్పాల్సింది ఇంకా రెండు పేజీలు తయారుచేసుకుని వచ్చాడు. గుర్తు రాలేదు. జేబులోంచి మూట తీసి ఇందిరమ్మ ముందు పెట్టాడు. ఆమె మూట విప్పి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని దొర్లించి చూసింది.

"ఆ దినం నేను చెప్పింది నీకు ఇనపడిందా?"

"ఇనపడిందత్తా."

"మరి?"

"పాత లెక్క అన్నాను."

"ఊఁ," అంది ఇందిరమ్మ.

తిట్టి ఉంటే బాగుండునని అతను చాలాసేపు ఆశపడ్డాడు. ఆమె మూటలోంచి పిడికెడు తీసి సొరకాయ పక్కన పోసింది. మిగతాది కొంగున కట్టుకుంది.

ఆగస్టులో వాన పడగానే సుందరరాజు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. ఇందిరమ్మ నాగలి సాలు చూపించింది, అతను వంగి గింజలు వేసుకుంటూ పోయాడు. సోలెడు గింజల్లో పిడికెడు దేవుడికి పోను మిగిలింది ఎంతో లేదు. చేను మధ్య నాలుగు సాళ్లు నిండాయి, మిగతా నేల సజ్జకు వదిలేశారు. నిలబడి చూసి చెప్పే చదువు ఇంత కిందికి వంగడం గట్టు మీదున్న ఎలీషబాకు కష్టంగానే తోచింది. మొలకలు వచ్చినా ముట్టవద్దని ఇందిరమ్మ షరతు పెట్టింది. అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బస్సెక్కాడు.

రెండో ఏడు తెగుళ్ల పాఠం మొదలైంది. వెర్రి తెగులు రోజున ప్రభాకరరావు సార్ క్లాసంతా వదిలి సుందరరాజును లేపి అడిగారు. తప్పు లేకుండా చెప్పి కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

తల్లి ఫోన్ చేసి, ఇందిరమ్మ కంది పూసిందని చెప్పింది. ఆ రోజు డిసెంబరు తొమ్మిది. కిందటేడు పీకించింది నవంబరు ఇరవై ఒకటిన. మధ్యలో పద్దెనిమిది రోజులు.