రెండో గీత

ఉమ్లాజీ టాక్సీ స్టాండులో జనాన్ని బండెక్కించడానికి నేను కేక వేస్తే డర్బన్ సముద్రంలో తిమింగలం తోక ముడుస్తుంది. తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేక వదిలేసింది గానీ ఈ స్టాండు వదులుకోలేదు. టాక్సీలు దిగిన ఆడవాళ్లంతా పక్కనే గొడుగు కింద జడలల్లే హ్లెంగీవే ముందు కూర్చునేవారు. అందరికీ ఆమె సిసీ, అంటే అక్క.

సిసీ వాళ్లక్క ఎయిడ్స్‌తో పోయింది. అందుకే ఆ రోగానికి టీకా కనిపెడుతున్నామని పరిశోధనవాళ్లు వస్తే అందరికంటే ముందు చెయ్యి చాపింది.

"ఈ సూదిలో రోగం లేదమ్మా. కానీ మామూలు పరీక్షలో ఉన్నట్టే చూపించవచ్చు. మా దగ్గర తప్ప ఎక్కడా చేయించుకోకు," అని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

ఆ ఏడే మ్లుంగిసితో పెళ్లి కుదిరింది. పెళ్లికూతురి తల్లికిచ్చే 'అమ్మ ఆవు'ను వాళ్లు ముందే తోలుకొచ్చారు. అది గుమ్మంలోకొస్తే సగం పెళ్లయినట్టే. ఇంతలో స్టాండులో ఎయిడ్స్ పరీక్షల గుడారం వెలిసింది. జంటగా వస్తే చొక్కాలు ఉచితం.

"రా, ఇద్దరం ఎర్రచొక్కాలేసుకుని తిరుగుదాం," అన్నాడు మ్లుంగిసి.

"నేను టీకావాళ్ల దగ్గరే చేయించుకుంటాలే."

"ఏం, భయమా?"

జడలకు కూర్చున్నవాళ్లు తలలెత్తారు. వెళ్లనంటే రోగం ఒప్పుకున్నట్టే. వెళ్లింది. అతని పరీక్ష పట్టీ మీద ఒక గీత. ఆమెదాని మీద రెండు, అంటే రోగం ఉన్నట్టు.

టీకా నర్సు పరుగున వచ్చింది. నేరుగా క్రిమినే వెతికే పరీక్ష చేసి, ఏమీ లేదని మ్లుంగిసి మేనత్తకు చెప్పింది.

"రోగం ఎక్కించినవాళ్లే లేదంటారు," అంది మేనత్త.

నేను అడ్డం పడ్డాను. "ఒట్టు అత్తా! ఆ గీత టీకాదే!"

"మొసలిని టాక్సీ ఎక్కించి ఛార్జీ పుచ్చుకున్నానన్నవాడివి, నువ్వు నోర్ముయ్!"

చలికాలంలో కబురొచ్చింది. టీకా ఎవరినీ కాపాడటం లేదట, పరిశోధన ఆపేశారు. మ్లుంగిసి ఫోన్ చేశాడు. "నేను నమ్ముతున్నాను హ్లెంగీవే. కానీ మా ఇంట్లో నీ చేతి కూడు ఎవరూ తినరంటున్నారు." మళ్లీ చెయ్యలేదు.

అమ్మ ఆవును తిరిగి అడగకూడదన్నది మా కట్టు. అది సిసీ వాళ్ల పెరట్లోనే ఉంది. తనే మేత వేస్తుంది. గొడుగు కింద జడలకు కూర్చునే కుర్చీ మాత్రం ఖాళీ.

గుడారం వేసినప్పుడల్లా, ఆ రెండో గీత పోయిందేమోనని వెళ్లి వేలు చాపుతుంది. మొన్నా వెళ్లింది.

"ఏమైంది సిసీ?"

"గీత పలచబడిందిలేరా," అని నవ్వింది.

చేతిలో పట్టీ చూశాను. రెండో గీత ఎర్రగా, లావుగా ఉంది. ఈ స్టాండులో నన్ను మించి అబద్ధమాడేవాళ్లు ఉన్నారని అప్పుడే తెలిసింది.