సిలార్ గారి వేలిముద్ర

కారణం చెప్పనిదే సిలార్ గారు దేన్నీ కదలనివ్వరు. లారీనైనా, మనిషినైనా, కంప్యూటర్నైనా.

గుంటూరు శివారులో మిరపకాయల తొడిమలు తీసే షెడ్డుకు ఆయన గేటు కాపలాదారు. పోయిన సీజన్లో ఓనరు అక్కడ ఏఐ పెట్టించాడు. ఫ్యాన్లు తిప్పడం దగ్గర్నుంచి రేపు ఏ కూలీ రావాలో తేల్చడం దాకా అంతా అదే. ఆడవాళ్లు దానికి ‘మేస్త్రి’ అని పేరు పెట్టారు. సరుకు కొనే విదేశీ కంపెనీ మాత్రం, ఒక మనిషి ఒప్పుకోనిదే అది ఏ పనీ చేయకూడదని షరతు పెట్టింది. ఎవరా మనిషని అడిగితే, ఎలాగూ నోరెత్తడు కదా అని ఓనరు సిలార్ గారి పేరు రాసిచ్చాడు. కూలీల సంఘం పని మీద తిరుగుతూ ఇలాంటి కాగితాలు నేను చాలా చూశాను. అలాంటి కాగితాన్ని నమ్మిన మనిషిని చూడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి ఆయన మెడలో ట్యాబు వేలాడింది. మేస్త్రి ఏం చేయాలన్నా దాని మీద ఆయన వేలిముద్ర పడాలి. కరెంటు ఆదాకి ఫ్యాన్లు ఆపుతానని మేస్త్రి అడుగుతుంది. ఈయన షెడ్డు మధ్యకెళ్లి నిలబడి, ఘాటుకు ఏడుసార్లు తుమ్మి, కుదరదని నొక్కుతారు. ఒకసారి అది తెలివి మీరి, ఒక్క లారీని లోపలికి పంపడానికి పద్నాలుగు కారణాలు పంపింది. ఈయన కళ్లద్దాలు పెట్టుకుని అన్నీ పైకి చదివారు. డ్రైవరు దిగి, టీ తాగి, కునుకు తీసి లేచేసరికి తొమ్మిదోదాని దగ్గరున్నారు.

ఆయన భార్య జైనాబీ నాతో అంది: “ఇంట్లోనూ ఇంతేనమ్మా. కూరలో రెండోసారి ఉప్పేస్తే సంజాయిషీ ఇవ్వాలి.”

మార్చిలో పని ఊపిరాడనీయకుండా ఉండగా, తొడిమలు తీసే అంకమ్మ పేరు కూలీల జాబితాలోంచి తీసేస్తానంది మేస్త్రి. గంటకు మూడుసార్లు లేస్తోందట, బుట్ట నిండటం లేదట. పేరు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. సిలార్ గారు కుదరదన్నారు. మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ కుదరదన్నారు. వారం తిరిగేసరికి ఓనరే గేటు దగ్గరికొచ్చాడు.

“ఎందుకాపుతున్నావయ్యా? ఓ కారణముండాలిగా?”

“లేదండి.”

“అందర్నీ కారణాలడిగి చంపుతావు కదా?”

“నాకు కాస్త చాదస్తమండి,” అన్నారు సిలార్ గారు తల గోక్కుంటూ.

ఆయన బదులు ఇంకొకరి పేరు పెట్టాలంటే, ఎందుకు మారుస్తున్నాడో ఆ విదేశీ కంపెనీకి రాయాలి. ఏమని రాస్తాడు? ఓనరు కారెక్కి వెళ్లిపోయాడు.

నేను ఊరుకోలేకపోయాను. అంకమ్మకు గర్భసంచి ఆపరేషనై నెల కూడా కాలేదు, ఆ ముక్క రాస్తే సరిపోయేది కదా బాబాయ్ అన్నాను.

“రాస్తే అది మర్చిపోద్దా? రేపు ఏ షెడ్డుకెళ్లినా అక్కడా ఇదే ఉంటది, ఈమె పనికిరాదనే చెప్పుద్ది. ఆడమనిషి ఒంటి సంగతి దానికెందుకు?” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “ఇలాంటిది ఎప్పుడో వస్తదనే మొదట్నించీ అన్నీ ఆపుతున్నా. ఒక్క ఈమె పేరే ఆపితే ఆరా తీస్తారు. పిచ్చోణ్ణి ఎవరు పట్టించుకుంటారమ్మా?”

అంతలో అంకమ్మ నడుం పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. బుట్టలు తూకానికి కదలక అరగంటయింది. వాటి అనుమతి ఈయన మెడలోనే వేలాడుతోంది.

“నీ చాదస్తంతో మమ్మల్ని చంపుతున్నావయ్యా. నిన్నిక్కడ ఎవడు పెట్టాడో గానీ...” అని అందుకుంది.

సిలార్ గారు లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపారు.

“నిలబడెందుకమ్మా, కూర్చుని తిట్టు.”