ఆయుర్దాయం పేజీ దగ్గర

ఎనభైల చివర్లో ఆదోని పత్తి మార్కెట్టుకు పోయే దారిలో మా మేనమామ కంప్యూటర్ జాతకాల అంగడి తెరిచాడు. డిగ్రీ అయి ఇంట్లో ఉన్న నన్ను కర్నూలు పంపి కొన్ని నెలలు కంప్యూటర్ నేర్పించి, తీసుకొచ్చి ఆ మిషను ముందు కూర్చోబెట్టాడు.

గాజుతో, ప్లైవుడ్డుతో కట్టిన చిన్న గది. ఏసీ చల్లదనం పోకూడదు, బజారులో ఎగిరే దూది లోపలికి రాకూడదు. తలుపు చెక్క వంగిపోయి, బయట గడియ పెడితే తప్ప మూతపడేది కాదు. అందుకని మామ నన్ను లోపల ఉంచి బయట గడియ వేసేవాడు. నీళ్లు కావాలన్నా గాజు మీద తట్టాల్సిందే. బయట బెంచీల మీది జనం నన్నే చూస్తూ కూర్చునేవాళ్లు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసేవాళ్లింటి అత్తాకోడళ్లు వచ్చారు. కోడలి ఒళ్లో పసిబిడ్డ. పుట్టిన వేళ చెప్పారు, నేను కొట్టాను. ప్రింటరు గరగరమంటూ గ్రహాలు, నక్షత్రం, తారాబలం అన్నీ అచ్చువేసింది. ‘ఆయుర్దాయం’ అని పైన పడింది, గాజులోంచి చూసి మామ దాన్ని పైకి చదివాడు. అంతే, ఆగిపోయింది. తెర మీద ‘పారిటీ చెక్’ అని రెండు ఇంగ్లీషు ముక్కలు. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ఆపి మళ్లీ పెట్టాను. ఈసారి రెండు వరుసలు ముందే ఆగింది. బయట ఉన్నవాళ్లకు ఆ తేడా ఏం తెలుస్తుంది? అత్త లేచి గాజు దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, ఆడికి వచ్చి ఏమిటికి నిలిచిపాయె?"

"మిషను సెడిపోయినాదవ్వా. బిడ్డకేం సంబంధం లేదు."

"సెడిపోతే మొదట్లోనే సెడిపోవల్ల కదా. ఆయుసు కాడికి వచ్చినంక యాల సెడిపోవల్ల? దానికేందో కనపడినాది. సెప్పల్యాక నిలిచిపోయినాది."

మామ ఆమె వెనక నిలబడి, ఏదో ఒకటి చేయమని నాకు కళ్లతోనే సైగ చేస్తున్నాడు. కోడలు మాత్రం బిడ్డను ఇంకా దగ్గరికి పొదువుకుని కదలకుండా కూర్చుంది. ఆ ముఖం చూస్తూ లోపల ఉండలేకపోయాను. గాజు తట్టి గడియ తీయించి, ఆ అమ్మాయిని లోపలికి పిలిచాను. మామ గొణిగినా వినలేదు. నా పుట్టిన తేదీ, వేళ ఆమె ముందే కొట్టాను. దేవుడా, నాకూ ఆగిపోవాలి అనుకున్నాను. మొదటి పేజీ కూడా కాకముందే ఆగిపోయింది.

ఆమె తెర వైపు, నా వైపు చూసి ఫక్కున నవ్వింది. "నీకు నచ్చత్రం కూడా రాల్యా కదక్కా!"

బయట అత్త నవ్వలేదు. "అయితే ఇద్దరికీ ఏందో ఉన్నట్లుంది. ఆ కాగితం వచ్చేదాకా బిడ్డను ఉయ్యాల్లో ఏసేది ల్యా," అని లేచింది. కోడలు నవ్వు ఆపుకుని ఆమె వెనకే బస్టాండుకు పోయింది.

మామ హైదరాబాదులో మిషను అమ్మినవాళ్లకు ట్రంక్ కాల్ చేశాడు. అక్కడి ఇంజనీరు చెప్పిందాని ప్రకారం, మిషను మెమరీలో దాచుకున్న అంకె తిరిగి అడిగితే ఒక్కోసారి వేరే అంకె ఇస్తోంది. తప్పు తెలియగానే పని మానేస్తోంది. "మూత విప్పి, చిప్పులన్నీ వేలితో గట్టిగా నొక్కమ్మా. వేడికి సాకెట్ల నుంచి లేచి వస్తుంటాయి," అన్నాడు.

ఒక్కొక్కటే నొక్కాను. కొన్ని టక్కుమని కిందికి దిగాయి. ఆ పూటంతా బాగా నడిచింది. మరుసటి మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక తెర మీద మళ్లీ అదే మాట.

మళ్లీ ఫోన్ చేస్తే ఇంజనీరు ఈసారి చివరి వరుస చిప్పులు పూర్తిగా తీసేసి, బోర్డు మీది చిన్న స్విచ్చులు మార్చి, మిగిలినవాటితో నడిపి చూడమన్నాడు. నడిచింది. కానీ నిజంగా బాగయిందో, ఇంకా ఆగే వేళ రాలేదో ఎట్లా తెలిసేది? ఆగినప్పుడు భయం, ఆగకపోతే ఇంకా భయం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరివో కల్పించిన తేదీలు కొడుతూ ఆ తెరనే చూస్తూ కూర్చున్నాను. బయట జనం ఎక్కువయ్యారు. జాతకం కోసం కాదు, ఎవరి దగ్గర ఆగుతుందో చూడ్డానికి. గాజు ఇవతల నేను జూలో జంతువునైపోయినట్టు అనిపించేది. ఇంటికి వచ్చి అమ్మతో ఇక పోనంటే, "మామ ఎంత నమ్మి పెట్టినాడే నిన్ను," అంది.

ఎంత నడిపినా ఆగకపోయేసరికి దోషం ఆ తీసేసిన వరుసలోనే ఉందని తేలింది. కొత్త చిప్పులు పార్సిల్లో వచ్చాయి. వాటిని కూర్చి, ఎండ మండే వేళల్లో నడిపి, ఇక ఆగదని నమ్మకం కుదిరాక ఆ బిడ్డ జాతకం మొత్తం అచ్చువేశాను. మామను ఒప్పించి నేనే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను.

వాళ్లింటికి పోయేసరికి బిడ్డ ఉయ్యాల్లో నిద్రపోతోంది. కోడలు గుంట మగ్గంలో కూర్చుని నేస్తోంది.

"మీ మిషను బాగయ్యేదాకా నా బిడ్డ నేల మీద పండుకోవల్లనా అక్కా? నేనే ఏసినాను. అప్పట్నుంచి మాయత్త నాతో మాట్లాడల్యా."

గడప దగ్గర కూర్చున్న అత్త నా చేతిలో కాగితాలు చూసింది. ఆమెకు చదువు రాదు. "ఆ పేజీ సదువు," అంది.

ఆ పేజీలో వచ్చే వాక్యాలు మిషనులో కొన్నే ఉన్నాయనీ, వాటినే మార్చి మార్చి అందరికీ వేస్తుందనీ నాకు తెలుసు. ఆ మాట అక్కడ ఎట్లా చెప్పను? దీర్ఘాయువు, మనుమలను ఎత్తుకునే యోగం అని చదివాను. మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి అంది. మూడోసారీ చదివాను.

చివరికి ఆమె మగ్గం వైపు తిరిగి, "బువ్వ పెట్టు ఆయమ్మికి. ఎండకు వచ్చినాది," అంది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత అత్త కోడలితో అన్న మొదటి మాట అదేనట.

కోడలు లేచి జొన్న రొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టింది. తింటూ రేపటి సంగతే తలచుకున్నాను. తెల్లారితే మళ్లీ నేను ఆ గదిలో కూర్చుని, బెంచీ మీది వాళ్లకు ఆ వాక్యాలే అచ్చువేసి ఇవ్వాలి. ఇప్పుడు ఆగిపోవడానికి మిషనుకు కూడా కారణం లేదు.