మా అమ్మ ఎడమచేతి కత్తెర

మా అమ్మ పేరు మల్సున్. మా కొరియా భాషలో ఆ పేరు పెడితే ‘ఇదే ఆఖరి ఆడపిల్ల’ అని. అయిదో కూతురు పుట్టేసరికి విసుగెత్తి మా తాత పెట్టాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

మొక్పో రేవులో వలలు బాగుచేసే ఇంట్లో పుట్టి, చిన్నతనంలోనే పుసాన్‌లో ఒక పార్లర్‌లో పనికి చేరింది. చేతిలో పని తప్పితే అక్కడి యజమానురాలు ఇనుప దువ్వెనతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది. అలా దెబ్బలు తింటూనే పని నేర్చుకుంది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన కితే అనే సిపాయిని పెళ్ళాడింది. ఆయనే మా నాన్న. లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడిన మేనత్త పిలిపిస్తే నన్ను చంకనేసుకుని ఇద్దరూ ఇక్కడికి వచ్చారు.

అమ్మ ఎనిమిదో వీధిలో పార్లర్ తెరిచింది. నాన్న ఏ పనిలోనూ నిలవలేదు. యజమానితో తగువు పెట్టుకోవడం, మానేసి రావడం, సోజూ సారా తాగడం, అమ్మను కొట్టడం. యుద్ధంలో ఏం చూశాడో, ఏం చేశాడో మాకెన్నడూ చెప్పలేదు. ముఖం మీద మాత్రం కొట్టేవాడు కాదు. పార్లర్‌కు వచ్చే ఆడవాళ్ళు చూస్తారని.

ఒక ఆదివారం చర్చిలో భోజనాలయ్యాక కారు దగ్గరికి వచ్చాం. అంతకుముందు చర్చి లోపల అమ్మ ఒక పెద్దాయనతో ఏదో మాట్లాడి నవ్వింది. నాన్న అది చూశాడు.

“ఏంటే ఆ ఇకఇకలు? ముసలాడి నెత్తి నిమురుతుంటే అంత బాగుందా?”

“ఆయన నెత్తిన వెంట్రుకలెక్కడున్నాయి, నిమరడానికి?” అంది అమ్మ.

వెనక సీట్లో ఉన్న నాకు నవ్వొచ్చింది. అమ్మ కూర్చోబోతూ తలుపు అంచు పట్టుకుంది. నాన్న బలంగా తలుపు వేశాడు. అది పూర్తిగా మూసుకోలేదు. మళ్ళీ తెరిచి, చూసి, ఇంకోసారి వేశాడు.

ఆస్పత్రిలో డాక్టరు అడిగితే అమ్మ “తలుపులో పడింది” అంది. “అబద్ధం కాదుగా, తలుపులోనే కదా పడింది” అని తర్వాత నాతో అంది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు వంకరగా అతుక్కున్నాయి. కత్తెర పట్టుకుంటే జారిపోయేది.

అమ్మ ఎడమచేత్తో మొదలుపెట్టింది. ముందు సవరాల మీద, తర్వాత నా నెత్తి మీద. ఆ ఏడాదంతా నా జుట్టు ఒక పక్క చెవి పైకి, ఒక పక్క చెవి కిందికి ఉండేది. బళ్ళో పిల్లలు ఎలక కొరికిందనేవాళ్ళు. నేను ఇంటికొచ్చి ఏడిస్తే, “రేపు రెండో పక్క కూడా కొరుకుతుందిలే, కూర్చో” అనేది. కత్తెర కొస తగిలి నా మెడ మీద రక్తం వస్తే బొటనవేలితో అదిమిపట్టి పని సాగించేది. చివరికి ఆ చెయ్యి కుదిరింది. బేరాలు తిరిగి వచ్చాయి.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. పంట పండగ ముందు శనివారం. పార్లర్ నిండా ఆడవాళ్ళు, అందరి నెత్తిమీదా రోలర్లు, జుట్టుకు రింగులు తిప్పే మందు ఘాటు. స్టవ్ మీద బార్లీ టీ మరుగుతోంది. నాన్న తాగి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ జుట్టు పట్టుకుని తలను అద్దానికేసి కొట్టాడు. అద్దం పగిలింది. మళ్ళీ కొట్టాడు. అమ్మ నుదుటి మీంచి రక్తం కారి దువ్వెనల ట్రేలో పడింది. తప్పించుకునే పెనుగులాటలో అమ్మ ఎడమచెయ్యి స్టవ్ దాకా వెళ్ళింది. కెటిల్ అందుకుని ఆయన తొడల మీద కుమ్మరించింది.

నాన్న అరుస్తూ కిందపడ్డాడు. అప్పుడు లేచింది దొక్రే అక్క. మాంసం కొట్టు పియో గారి భార్య. మనిషి బీరువాలా ఉండేది. మెడకు తువ్వాలుతోనే వచ్చి నాన్న ఛాతీ మీద కూర్చుంది. “మా ఇంట్లో వాణ్ణి కొట్టలేకపోయానురా, నువ్వు దొరికావు” అంటూ చెప్పు తీసి ముఖం మీద వాయించింది. మిగతావాళ్ళూ దిగారు. చీపురు, గొడుగు, ఏది దొరికితే అది. ఒక ముసలావిడ ఆయన చెవి కొరికింది. నాన్న పెదవి చిట్లి, పన్ను ఊడింది.

అమ్మ గోడకు ఆనుకుని రక్తం తుడుచుకుంటూ చూస్తూ ఉండిపోయింది. ఆఖరికి అంది: “అక్కా, ఇక లేవండి. మందు ఎక్కువసేపు ఉంటే జుట్టు కాలిపోతుంది.”

“కాలనీవే. పండక్కి బోడిగుండుతో పోతా” అంది దొక్రే అక్క, ఇంకోటి వేస్తూ.

పోలీసులు వచ్చారు. అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను చెప్పాలి. “ఏం చెప్పమంటావమ్మా?” అన్నాను. “ఉన్నది ఉన్నట్టు చెప్పు. కారు తలుపు దగ్గర్నుంచి” అంది. చెప్పాను.

నాన్న జైలుకు వెళ్ళాడు. అమ్మ విడాకులు తీసుకుంది. కాపురం నిలబెట్టుకోమని పాస్టరు ఇంటికొచ్చాడు. అమ్మ పళ్ళెంలో పళ్ళు కోసి పెట్టి, “పాస్టర్ గారూ, కిందకి దిగి మీ చెయ్యి ఒకసారి కారు తలుపులో పెట్టండి. తర్వాత మాట్లాడుకుందాం” అంది. ఆయన పళ్ళు తిని వెళ్ళిపోయాడు.

తొంభై రెండు ఏప్రిల్ ఆఖర్లో ఊరు అంటుకుంది. ఒక నల్లజాతి మనిషిని చావబాదిన పోలీసులను కోర్టు వదిలేసిందన్న కోపం దక్షిణాన రగిలి, పొగై మా వీధి దాకా వచ్చింది. ఎవరి కొట్టు వాళ్ళు కాపాడుకోండని మా భాష రేడియోలో పొద్దుటినుంచీ చెబుతున్నారు. మగవాళ్ళు తుపాకులతో డాబాలెక్కారు. అమ్మా నేనూ పార్లర్‌కు వెళ్ళేసరికి మా డాబా మీద పియో గారి పక్కన, జైలుకెళ్ళాక మేము మళ్ళీ చూడని నాన్న ఉన్నాడు. జుట్టు నెరిసింది. చేతిలో రైఫిల్.

అమ్మ ఇనుప నిచ్చెన ఎక్కింది. వెనకే నేను.

“నిన్నెవరు రమ్మన్నారు?”

“నీ కొట్టు తగలబడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? కిందకి దిగు” అన్నాడు నాన్న.

పక్కనున్న సరుకుల కొట్టు అద్దాలు అప్పటికే పగలగొట్టారు. జనం చేతికందింది పట్టుకుపోతున్నారు. ఒక మెక్సికన్ ఆవిడ బియ్యం మూటను రోడ్డు మీద ఈడ్చుకుపోతోంది. మూట చిరిగి వెనక తెల్లగా చార పడుతోంది. నాన్న రైఫిల్ భుజానికి ఆనించి ఆవిడకు గురి పెట్టాడు. వేలు బిగుసుకుంటోంది.

అమ్మ తుపాకీ గొట్టాన్ని పట్టుకుని పైకి తోసింది. గుండు ఆకాశంలోకి పోయింది.

“పిచ్చిదానా, అది దొంగది!”

“బియ్యం మూటకు మనిషిని చంపుతావా? అది నా కొట్టు కూడా కాదు.”

ఆయన గొట్టం లాక్కోబోయాడు. అమ్మ వదల్లేదు. ఇనుప గొట్టం అరచేతిని ఒరుసుకుపోతున్నా వదల్లేదు. ఆయన తుపాకీని అడ్డం తిప్పి దాని మడమతో ఆమె దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అమ్మ మోకాళ్ళ మీద పడింది, గొట్టం చేతిలోనే ఉంది. నేను ఆయన మీదకు దూకి మణికట్టు కొరికాను. నోట్లోకి రక్తం వచ్చింది, ఉప్పగా. అప్పటికి తేరుకున్న పియో గారు వెనకనుంచి ఆయన మెడ బిగించి తుపాకీ లాగేశారు.

“పో కితే, ఇక్కడ కనబడకు” అన్నారు. నాన్న నిచ్చెన దిగి పొగలోకి నడిచిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండో పక్కనున్న టైర్ల కొట్టు నుంచి మంటలు పాకి పార్లర్ కాలిపోయింది. తీగలతో బిగించిన దవడతో అమ్మ ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడి చూసింది. వారం తిరక్కుండానే దొక్రే అక్క వాళ్ళ పెరట్లో కుర్చీ వేసుకుని జుట్టు కత్తిరించడం మొదలుపెట్టింది. మాట్లాడలేకపోయేది. ఎలా కత్తిరించాలో చేత్తో అడిగేది. దొక్రే అక్క మాత్రం ఊరుకునేది కాదు. “మల్సున్ నోరు మూసుకుని ఉండటం ఇదే మొదటిసారి. పనితనం పెరిగింది” అని బేరాలను నవ్వించేది. అమ్మకు నవ్వితే నొప్పి. కళ్ళు మూసుకుని కత్తెర ఆపి, నొప్పి తగ్గాక మళ్ళీ ఆడించేది.

తర్వాత ఇంకో పార్లర్ పెట్టింది. డెబ్బై దాటేదాకా నడిపింది. పోయిన చలికాలంలో నిద్రలోనే పోయింది.

నాన్న అంతకు చాలా ముందే పోయాడు. ఊరి చివర ఒక అద్దెగదిలో జబ్బుపడి, ఆస్పత్రిలో. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు అమ్మ ఒకావిడకు రింగులు చుడుతోంది. “నువ్వెళ్ళు. నాకు పనుంది” అంది. నేనొక్కదాన్నే వెళ్ళి, దహనం చేయించి, సాయంత్రానికి తిరిగొచ్చాను. అమ్మ సముద్రపు నాచు పులుసు వేడిచేసి ముందు పెట్టింది.

“మనిషి చిక్కిపోయాడా?” అంది.

“బాగా.”

“నొప్పి పడ్డాడా?”

“పడ్డాడనే చెప్పారు.”

అమ్మ చాలాసేపు తన వంకర వేళ్ళు చూసుకుంది. సంతోషమో, జాలో నాకు అంతు చిక్కలేదు. నా గిన్నెలో అన్నం తగ్గిందని ఇంకో గరిటె వేసింది.