‘మిగతావి’ డబ్బా నుంచి ఆర్మూర్ దాకా

ఆర్మూర్ ఎందుకు వెళ్లావని అడిగినవాళ్లకు నీటి నమూనాల కోసమని చెప్పాను. అది సగం నిజం. రోగుల కఫంలో దొరికే క్షయ బాక్టీరియా జన్యువులను చదవడం హైదరాబాద్‌లో నా ఉద్యోగం. అప్పుడప్పుడు క్షయ కానిది, దానికి చుట్టం వరసయ్యేది తగులుతుంది. ఆ చుట్టాలు మట్టిలో, కుళాయి నీళ్లలో, ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. చాలామందిని ఏమీ చేయవు. ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నవాళ్లలో మాత్రం తిష్ఠ వేస్తాయి, మామూలు క్షయ మందులకు చాలావరకు లొంగవు. మా ప్రాజెక్టుకు కావలసింది క్షయ ఒక్కటే కాబట్టి వీటిని ‘మిగతావి’ అని రాసిన డబ్బాలో పడేసి ఫ్రీజర్లో పెడతాం. వానాకాలంలో నేనూ ఒక నమూనా గొట్టాన్ని అలాగే పడేశాను. ఏడు నెలల తర్వాత ఈ చుట్టాల మీదే కొత్త పని మొదలైతే, నాకు పనికొస్తుందని బయటికి తీశాను. దాని మీది నంబరు పట్టుకుని, దాన్ని పంపిన ఆర్మూర్ డాక్టరుగారికి ఫోన్ చేస్తే, అది బీడీలు చేసే గంగామణిదని, ఆమె ఇంకా క్షయ మాత్రలే మింగుతోందని చెప్పారు. “మాత్రల సంగతి, మళ్లీ పరీక్షల సంగతి నేను చూస్తాను. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని ఆ ఇంట్లో మీరే చెప్పండి. ఇన్నాళ్లూ జాగ్రత్త, జాగ్రత్త అన్న నోటితో నేను చెప్తే నమ్మరు” అన్నారు.

ఉదయం ఆరున్నరకు జూబ్లీ బస్‌స్టేషన్లో నిర్మల్ బస్సు ఎక్కాను. నాలుగు గంటల ప్రయాణం, టికెట్టు మూడు వందల పైచిలుకు. గుట్ట మీద నల్లటి బండరాళ్లు కనబడగానే సంచి సర్దుకోండి, ఆర్మూర్ వచ్చేసినట్టే. పసుపు రోజులు కావడంతో ఉడకబెట్టిన కొమ్ములు ఎక్కడ చూసినా ఎండుతున్నాయి, వాసన బట్టలకు పట్టేస్తుంది. ఆటో అతనికి గల్లీ పేరు చెప్పాను.

“గా టీబీ గంగామణి ఉండే గల్లీనా? గట్ల చెప్పక్కా.”

“ఆమెకు టీబీ కాదు” అన్నాను.

“నాకు చెప్తే ఏమొస్తది? ఆమె కోడలుకు చెప్పు. గిన్ని నెలల సంది పక్కకు కూసోవెట్టిండ్రు.”

యాభై రూపాయలిచ్చి దిగాను. ఆ పేరు ఊళ్లో అతుక్కోవడానికి నా డబ్బా ఎంత సాయం చేసిందో అప్పుడు తెలిసింది.

అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. గంగామణి దూరంగా, మెట్టు కింద ఒక్కతే. నలభై అయిదేళ్లుంటాయి. గుమ్మంలో ఆమె కోడలు, చంకలో ఐదు నెలల పాప. ఆ మనవరాలిని గంగామణి ఇంతవరకు ఎత్తుకోలేదట. అందరికీ వినబడేలా చెప్పాను. టీబీ కాదు, మట్టిలో నీళ్లలో ఉండేది, దగ్గినా ఒకే కంచంలో తిన్నా పక్కవాళ్లకు అంటదు.

“మరి గిన్ని దినాలు గా గోలీలెందుకు మింగిన మేడం?”

“పరీక్షలు ఆలస్యమవుతాయి అక్కా” అన్నాను.

అరుగు మీద ఒకామె తన చాట జరిపి చోటు చేసింది. “గిటు రా గంగామణీ, గాడ ఎండల ఎందుకు?” కోడలు పాపతో ఒక మెట్టు దిగింది. గంగామణి మొహం వెలిగిపోయింది. గబగబా లోపలికెళ్లి తనకని విడిగా ఉంచిన స్టీలు గ్లాసులో టీ తెచ్చి నా ముందు పెట్టింది.

“వద్దక్కా, ఇప్పుడే తాగొచ్చాను.”

తాగలేదు. ఆలోచించి అన్న మాటా కాదు. అది ఆమె గ్లాసు, అంతే.

“అంటదంటివి గద మేడం” అంది గంగామణి.

కోడలు మళ్లీ గుమ్మంలోకి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. గ్లాసు లాక్కుని నోరు కాలుతున్నా చుక్క మిగలకుండా తాగాను. ఎవరూ నా వైపు చూడలేదు. ఇక దాచడానికేం మిగిలిందని అసలు సంగతి చెప్పేశాను: ఆలస్యం పరీక్షది కాదు, నాది. ఫలితం ఏడు నెలల కిందటే నా దగ్గరుంది, ఎవరికీ చెప్పలేదు.

ఆమె తిట్టలేదు. గుమ్మం వైపు చూసింది, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

“అంటె, నా మనుమరాలు పుట్టకముందే నీకెరుకనా?”

“ఎరుకే” అన్నాను.

నీటి నమూనాలకని తెచ్చిన సీసాలు సంచిలోంచి తీయనే లేదు. తిరుగు బస్సులో నాలుగు గంటలూ సిగ్గుతో చచ్చిపోయాను. జన్యువులో ఒక్కో అక్షరం చదవడం నేర్చుకున్నాను. గొట్టం అవతల ఒక మనిషి ఉంటుందన్నది మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. డాక్టరుగారు పై వారం ఆ ఇంటికి తనే వెళ్తానన్నారు, పాపను అప్పటికైనా గంగామణి చేతికి ఇస్తారేమో తెలియదు. మీరూ ఇలాంటి కబురు పట్టుకుని వెళ్తుంటే నాదొక్కటే సలహా. గడపలో అడుగుపెట్టగానే ఆ మనిషి గ్లాసుతోనే నీళ్లు అడిగి తాగండి, పరీక్ష ఫలితం కాగితం తర్వాత తీయండి.